ఎగువపేటలో వర్ణన ఆగింది

నమోదు 1. శ్రావణం, వాన తెరిపిచ్చిన సాయంత్రం

ఈ రోజు సినిమాలో నాకు కనిపించనిది మా ఆయనకు వినిపించింది.

మా ఆయన పేరు ఏడుకొండలు. సముద్రపు గట్టు మీద క్రేను నడిపేవాడు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయి చాలా ఏళ్ళయింది. ఇంటి గోడతెర మీద ఏ సినిమా వచ్చినా ఆయనకు ఆ తెర కంపెనీవాళ్ళ వర్ణన తోడుగా వస్తుంది. ఎవరు వచ్చారో, ఏం చేస్తున్నారో, మాటకీ మాటకీ మధ్య ఉన్న ఖాళీలో ఒక ఆడగొంతు చెబుతుంది. చెవిబిళ్ళ పెట్టుకుంటాడు కాబట్టి అది ఆయన ఒక్కడికే వినబడుతుంది. ఈ రోజు బిళ్ళలో ఛార్జింగ్ అయిపోవడంతో ఆ గొంతు గోడలోంచే బయటికి వచ్చింది.

నేను కింద కూర్చుని, పొగమంచులోంచి నీళ్ళు పట్టే మంచునీటి వలకు చిరుగులు కుడుతున్నాను. కార్తీకం వచ్చేలోపు వలలు బాగుచేసుకోకపోతే శీతాకాలమంతా తాగునీళ్ళకు వరుసలో నిలబడాలి. తెర మీద హీరోయిన్‌కు మొగుడు చనిపోయాడన్న కబురు వచ్చింది. ఆమె గుమ్మంలో కూలబడింది. రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి.

"కామాక్షి కన్నీళ్ళు తుడుచుకుని, వేడి వేడి 'పొద్దు' వారి టమాటా సూప్ కప్పును చేతిలోకి తీసుకుంది. కమ్మని ఆవిరి లేస్తోంది," అంది గోడలో గొంతు.

"మొగుడు పోయాడని ఇప్పుడేగా తెలిసింది. సూపెట్టా తాగుద్దే ఈవిడ?" అన్నాడు ఏడుకొండలు.

"ఏం సూపు? చేతిలో ఏం లేదు."

"చెప్పిందిగా."

"నేను చూస్తన్నాగా."

ఆయన చెవి గోడవైపు పెట్టి ఇంకొంచెం విన్నాడు. తర్వాత ఆయన నవ్వాడు. "పోన్లే. సినిమానే అబద్ధం. అందులో ఒక కప్పు సూపు ఎక్కువైతే ఏమైంది," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నమోదు 2. శ్రావణం, మరుసటి వారం

ఆయన పాత బిళ్ళ ఒకటి అరలో ఉంటే తీసి నా చెవికి పెట్టుకున్నాను. వారం రోజులు ఆయన పక్కనే కూర్చుని, కళ్ళతో ఒక సినిమా, చెవితో ఒక సినిమా చూశాను.

రెండూ ఒకటి కావు. పాత ఇంట్లో జరిగే కథకు వర్ణనలో కొత్త సోఫాలు వచ్చాయి. నడిచి వెళ్ళిన తమ్ముడు వర్ణనలో ఎర్ర కారెక్కి వెళ్ళాడు. కలపడమే కాదు, తీసేయడం కూడా ఉంది. ఒక ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు బయటికి చూసే ఘట్టం ఒకటుంది. చూస్తూ చూస్తూ కళ్ళు తుడుచుకుంటాడు. వర్ణన ఆ సేపంతా ఆయన చేతి గడియారం గురించి చెప్పింది.

"ముసలాయన ఏడుస్తన్నాడయ్యా," అన్నాను.

"అవునా?" అని ఏడుకొండలు ముఖం నావైపు తిప్పాడు. "నాకు చెప్పలేదే."

ఆ మాట అన్న తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. ఎవరో తెలిసినవాళ్ళు తనను పిలవకుండా పెళ్ళికి వెళ్ళినట్టు అన్నాడు.

గోడతెర వద్దనుకుంటే పీకేసే వస్తువు కాదు. సముద్రం మా ఊళ్ళు తీసుకున్నాక ఈ కొండ మీద ఎగువపేట కట్టి ఇళ్ళు ఇచ్చినప్పుడే గోడలో పొదిగి ఇచ్చారు. ఒకప్పుడు ఈ తెరలకు నాలుగైదు కంపెనీలు ఉండేవి. ఒకదాన్నొకటి కొనుక్కుంటూ పోయి చివరికి ఏకదృశ్య ఒక్కటే మిగిలింది. తెరను పూర్తిగా ఆపే మీట కూడా పోయిన ఏడాది మార్పుల్లో తీసేశారు. మసక చేసుకోవచ్చు, అంతే.

నమోదు 3. శ్రావణం, చివరి రోజులు

గోడకే ఫిర్యాదు చెప్పాను. గోడే వింది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, నాంచారి గారూ. మీకు టమాటా సూప్‌పై ఉన్న ఆసక్తిని నమోదు చేసుకున్నాం," అంది. ఆ సాయంత్రం నుంచి నాకు కూడా సూప్ ప్రకటనలు మొదలయ్యాయి.

మనిషితో మాట్లాడాలని రేవు మెట్ల దగ్గరున్న సేవాకేంద్రానికి వెళ్ళాను. అక్కడ హిమబిందు అనే అమ్మాయి ఉంది. ఊరంతటికీ కంపెనీ తరఫున కనబడే మనిషి ఆమె ఒక్కతే. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"దాన్ని ఆసక్తి పెంచే వర్ణన అంటారమ్మా. ఒప్పందంలో ఉంది. బాబాయి గారు అవునన్నాకే మొదలైంది," అంది.

"ఆయనకు కళ్ళు కనపడవు. ఒప్పందం ఎట్టా చదివాడు?"

"వర్ణనే చదివి వినిపిస్తుందమ్మా."

ఆ మాట అన్నాక ఆ పిల్ల తల దించుకుని బల్ల మీదున్న కాగితపు పువ్వును సర్దింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియక గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

"వినియోగదారుల సభకి వెళ్ళండమ్మా," అని వెనకనుంచి మెల్లగా అంది. "నేను చెప్పానని మాత్రం చెప్పకండి."

నమోదు 4. భాద్రపదం

ఇది సూప్‌తో ఆగే సంగతి కాదని ఈ రోజు తెలిసింది.

కొన్నాళ్ళుగా ఏడుకొండలు కంచంలో చేపముక్క వదిలేస్తున్నాడు. "నువ్వు తిను, నాకు చాల్లే," అంటున్నాడు. చెరువు చేప రుచి పడలేదేమో అనుకున్నాను. మంచినీళ్ళ బిందె నేను ఎత్తబోతే తడుముకుంటూ వచ్చి తీసుకుంటున్నాడు. పొద్దున నేను దగ్గితే గదిలోంచి కంగారుగా వచ్చి గుమ్మం తగిలి మోకాలు కొట్టుకున్నాడు. పసుపు పెడుతుంటే నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"నాంచారీ. నీకేమైందో నాకు చెప్పవా?"

"నాకేమైంది?"

"నువ్వు దాస్తన్నావు. నాకు తెలుసు. మొహం పాలిపోయిందంట. కళ్ళకింద నల్లగా అయిందంట. పని మధ్యలో గుండె పట్టుకుని కూచుంటన్నావంట."

"ఎవురు చెప్పారు?"

ఆయన కళ్ళజోడు ముట్టుకున్నాడు. పోయిన ఎండల్లో కంపెనీ ఉచితంగా పంపిన జోడు అది. సినిమాలకే కాదు, ఇంట్లో ఏముందో, ఎదురుగా ఎవరున్నారో కూడా వర్ణన దాంట్లోంచి చూసి చెబుతుంది. అది వచ్చిన రోజు ఆయన చాలా సంతోషపడ్డాడు. పెరటి గోడ మీద కాకి వాలిందని నాకంటే ముందు చెప్పి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

నన్ను నెలనెలా డబ్బు కట్టే ఆసుపత్రి పథకంలో చేర్చమని అది అడుగుతోందట. మొదట వద్దన్నాడట. తర్వాత రోజూ నా ముఖం గురించి చెప్పడం మొదలుపెట్టింది. పోయిన వారం చేర్చేశాడు. చేర్చాక కూడా అది ఆపలేదు. ఇంకా పెద్ద పథకం ఉందంటోంది.

నేను చనిపోతానేమోనని ఈయన నెల రోజులుగా తిండి తినకుండా తిరుగుతున్నాడు. పక్కనే ఉండి నేను చూడలేదు.

నమోదు 5. భాద్రపదం, రెండు రోజుల తర్వాత

నాకేం లేదని చెప్పాను. ఆయన చేతులు తీసి నా ముఖం మీద పెట్టాను. నమ్మలేదు.

"నేను నీ పెళ్ళాన్ని. నామాట నమ్మవు, గోడమాట నమ్ముతావా?"

ఆయన చాలాసేపు ఆలోచించి నెమ్మదిగా అన్నాడు. "నువ్వైతే నేను కంగారు పడతానని దాస్తావే. దానికి దాచాల్సిన అవసరం ఏముంది?"

నాకు ఆయన మీదున్న ప్రేమే నా మాటను నమ్మనివ్వడం లేదు. కంపెనీకి ఆయన మీద ఏ ప్రేమా లేదు కాబట్టి దాని మాట నిజమని ఆయన లెక్క.

రెండు పూటలు ఆలోచించాను. ఈ రోజు మధ్యాహ్నం కుర్చీలో బొంత మడిచి నిలబెట్టి, దాని మీద నా చీర ఒకటి కప్పాను. ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళజోడు పెట్టుకోమన్నాను. నేను ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాను. వర్ణనను గోడలోంచి పలకమన్నాం.

"మీ భార్య నాంచారి గారు ఎదురుగా కుర్చీలో ఉన్నారు," అంది గొంతు. ఎంతో కరుణగా ఉంది ఆ గొంతు. "ఒరిగి కూర్చున్నారు. ముఖంలో రక్తం లేదు. ఊపిరి కష్టంగా తీసుకుంటున్నారు. సంపూర్ణ రక్షణ పథకం గురించి వివరించమంటారా?"

ఏడుకొండలు కదల్లేదు. తన భుజం మీదున్న నా చేతిని ఒక్కొక్క వేలే తడిమాడు. మధ్యవేలికున్న పాత కాలిన మచ్చ దగ్గర ఆగాడు. తర్వాత లేచి, చేతులు చాచి కుర్చీ దాకా నడిచి, బొంతను ముట్టుకున్నాడు.

"మీ భార్య మీ స్పర్శకు స్పందించడం లేదు," అంది గొంతు.

ఆయన కళ్ళజోడు తీసి కింద పెట్టాడు. విసరలేదు, తొక్కలేదు. ఎవరిదో వస్తువు తిరిగిచ్చేసినట్టు నేల మీద పెట్టాడు. ఆ తర్వాత బొంతను పట్టుకుని అలాగే నిలబడిపోయి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు, కళ్ళు పోయిన రోజున కూడా.

"సభకి పోదాం పద," అన్నాడు చివరికి.

నమోదు 6. ఆశ్వయుజం

వినియోగదారుల సభ పడవల రేవు పైన పాత గిడ్డంగిలో జరుగుతుంది. వినే అధికారి నెరిసిన జుట్టు ఆవిడ. కంపెనీ వకీలు రాలేదు. తెర మీద కనిపించి ఎక్కడినుంచో మాట్లాడాడు.

"వర్ణన ఒక కళ. ఒకే దృశ్యాన్ని ఇద్దరు చెబితే రెండు రకాలుగా ఉంటుంది. అది వినేవారి శ్రేయస్సు కోరి తీర్చిదిద్దిన భాష," అన్నాడు.

"కుర్చీలో ఉన్నది మనిషా, బొంతా అన్నది కూడా కళేనా?" అని అడిగింది అధికారి.

"ఆ నిర్దిష్ట సంఘటన సాంకేతిక లోపం కావచ్చు. విచారిస్తున్నాం."

నేను చూసినవీ విన్నవీ వరుసగా చెప్పాను. మధ్యలో ఆగి నీళ్ళు తాగాను. అధికారి తొందరపెట్టలేదు. నా తర్వాత ఏడుకొండలు లేచాడు. ఏం చెబుతాడో నాకు తెలియదు. ఇంట్లో అడిగితే అక్కడ చూద్దాంలే అన్నాడు.

"అమ్మా, కళ్ళు పోయినప్పుడు నాకు చీకటి అలవాటైపోయింది," అన్నాడు. "చీకటి గురించి నేనెవరి మీదా ఫిర్యాదు చెయ్యను. ఎవురైనా చెయ్యి పట్టుకుంటే వాళ్ళెంట నడుస్తా. చెయ్యి పట్టుకున్నోళ్ళు గోతి వైపు నడిపిస్తే మాత్రం, పడేదాకా నాకు తెలీదు. నేను చెప్పేది అంతే."

కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "నా పెళ్ళాం చచ్చిపోద్దని నాకు రోజూ చెప్పారమ్మా. అది చెప్పకూడదు."

అధికారి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.

వారం తర్వాత తీర్పు వచ్చింది. ఏకదృశ్య కంపెనీ వర్ణన చేస్తే ఉన్నది ఉన్నట్టు మాత్రమే చేయాలి. లేనిది కలపకూడదు, ఉన్నది తీసేయకూడదు. మమ్మల్ని పథకం నుంచి తప్పించాలి.

రేవు మెట్ల మీద జనం మమ్మల్ని ఆపి మరీ పలకరించారు. చేపల చెరువు కాపలాదారు ఒక పెద్ద కొరమీను చేతిలో పెట్టాడు. ఏడుకొండలు ఆ పూట కంచం ఖాళీ చేశాడు.

నమోదు 7. కార్తీకం, మంచు మొదలైంది

వలల్లో మొదటి నీళ్ళు పడ్డాయి. ఆ బిందె లోపలికి తెస్తుంటే గోడ దానంతట అదే వెలిగింది.

"చట్టపరమైన మార్పుల దృష్ట్యా ఎగువపేటలో వర్ణన సేవను నిలిపివేస్తున్నాం. ఇంతకాలం మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు."

అర్థం కాక రెండోసారి విన్నాను. బిందె అక్కడే దించి సేవాకేంద్రానికి పరుగెత్తాను. హిమబిందు తలుపు దగ్గరే ఎదురొచ్చింది, నాకోసమే నిలబడినట్టు.

"వర్ణన చేస్తే నిజమే చెప్పాలని తీర్పులో ఉందమ్మా. వర్ణన చేసి తీరాలని లేదు," అంది. "మా పైవాళ్ళు రెండు రోజులు కూర్చుని చదివారు. ఉన్నదున్నట్టు చెప్తే మాకేం వస్తుందన్నారు. ఆపేస్తే ఆపేసినందుకు శిక్ష లేదు కదా అన్నారు."

"కళ్ళు లేనోళ్ళు ఏం చేస్తారు?"

"అడిగానమ్మా. ఆ ప్రశ్న నమోదు చేసుకున్నామన్నారు."

నవ్వుతుందో ఏడుస్తుందో తెలియకుండా ఉంది ఆ పిల్ల ముఖం. పై సభకు వెళ్ళవచ్చని చెప్పింది. వెళ్తాం. అదెప్పుడు తేలుతుందో ఎవరికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి ఏడుకొండలు గోడ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద ఏదో సినిమా నడుస్తోంది. ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు వచ్చింది, తలుపు తెరుచుకుంది, తర్వాత చాలాసేపు సంగీతం. ఆయన తల ఒక పక్కకు వంచి, ఆ సంగీతంలో ఎవరున్నారో పట్టుకోవాలని చూస్తున్నాడు.

"తలుపు తీసింది ఎవరే?" అన్నాడు.

నేను కూడా మొదటినుంచీ చూడలేదు. తెలియదన్నాను.

నమోదు 8. కార్తీకం

నీళ్ళ వరుసలో నాతో మాట్లాడేవాళ్ళు తగ్గారు. ఎగువపేటలో చూపు లేనివాళ్ళు చాలామందే ఉన్నారు. గట్టు కట్టే రోజుల్లో సున్నపు దుమ్ము ఎన్నో కళ్ళు తీసింది. వాళ్ళ ఇళ్ళల్లో గోడలు ఇప్పుడు చప్పుడు మాత్రమే చేస్తున్నాయి. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే ఏదైనా తిరిగి అనేదాన్ని.

ఈ రోజు కరుణమ్మ గారు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా కింది వరుసలో చివరి ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ముసలితనంలో చూపు పోయింది. ఆదివారం ప్రార్థనకు కర్ర పట్టుకుని మా ఇంటి ముందునుంచే వెళ్తుంది. ఎప్పుడూ లోపలికి రాలేదు. ఈ రోజు గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"కేసు ఏసింది నువ్వేనంటగా అమ్మా."

"నేనేనండి."

"అది అబద్ధాలు చెప్పుద్దంట కదా."

"చెప్పేదండి. మా ఆయనకి..."

"చెప్పారులే." ఆమె కర్రను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నాకు కూడా చెప్పే ఉంటది. అబద్ధమో నిజమో, పొద్దున లేచి జోడు పెట్టుకోగానే నన్ను పేరు పెట్టి పిలిచేదమ్మా. ఎండ వచ్చిందనేది. కిటికీలో పిచ్చుక ఉందనేది. ఇప్పుడు రోజంతా నాతో ఎవురు మాట్లాడతారు?"

సభలో అంత మాట్లాడినదాన్ని, ఆమె ముందు పీట జరుపుతూ నిలబడ్డాను.

"నీ తప్పని అనట్లేదు," అంది. "ఆపింది వాళ్ళే. కానీ నువ్వు సభ తలుపు తట్టకపోతే వాళ్ళు ఆపేవాళ్ళు కాదు కదా. అది చెబుదామని వచ్చా."

కర్ర చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. లోపలనుంచి ఏడుకొండలు అంతా విన్నాడు. "ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు," అన్నాడు. తర్వాత కాసేపటికి, "నువ్వు చేసిందాంట్లో కూడా తప్పులేదు," అన్నాడు.

రెండూ నిజమే అయితే నేనేం చేయాలో ఆయన చెప్పలేదు.

నమోదు 9. మార్గశిరం

ఆయనకు సినిమా నేనే చెబుతున్నాను. నాకు చేతకావడం లేదు.

"వాడు వచ్చాడు, దొంగ సచ్చినోడు," అన్నాను మొన్న.

"ఎవుడు వచ్చాడో ముందు చెప్పు. తిట్లు తర్వాత."

"మామగారు. గొడుగు పట్టుకున్నాడు."

"వానొస్తందా?"

"లేదు."

"మరి గొడుగెందుకు?"

నాకేం తెలుసు? నేను ఒక్కదాన్నే చూసేటప్పుడు ఎప్పుడూ నాకు రాని ప్రశ్నలు ఇవి. చెప్పాలంటే ముందు సరిగ్గా చూడాల్సి వస్తోంది. నాలుగు మాటలు చెప్పేలోపు తెర మీద మనుషులు ఎక్కడికో వెళ్ళిపోతున్నారు. ఆయన విసుక్కుంటాడు, నేను విసుక్కుంటాను. నిన్న సగంలో ఇద్దరం మాట్లాడుకోవడం మానేసి, చెరో గదిలో కూర్చున్నాం.

ఈ రోజు మళ్ళీ మొదలుపెట్టాం. ఒక తల్లి రైలు కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. "ఊపుతోంది," అన్నాను. "ఇంకా ఊపుతోంది. రైలు పోయింది. స్టేషన్లో ఎవురూ లేరు, ఈమె ఎవరికి ఊపిందో నాకు కనపళ్ళేదు."

ఆయన నావైపు తిరిగాడు. "బాగా చెప్పావు," అన్నాడు. ఇన్నాళ్ళకు మొదటిసారి.

అప్పుడు కరుణమ్మ గారి మాట గుర్తొచ్చింది. రోజంతా నాతో ఎవరు మాట్లాడతారు అన్న మాట. వెళ్ళడానికి భయంగా ఉంది. రేపు వెళ్తాను.

నమోదు 10. మార్గశిరం, మరుసటి రోజు

వెళ్ళాను. ఈ పొద్దు జరిగింది మర్చిపోకముందే రాస్తున్నాను.

కరుణమ్మ గారు తలుపు తీసి, నా గొంతు గుర్తుపట్టి, దారి వదిలింది. ఎందుకొచ్చావని అడగలేదు. ఇల్లు చిన్నది, శుభ్రంగానే ఉంది. నేను కూర్చుని, ఎండ వచ్చిందని చెప్పాను. కిటికీ మీద పిచ్చుక లేదు, ఉప్పు మరకలు ఉన్నాయని చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది. నీరెండ ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. మంచం కోడు దాకా వచ్చిందన్నాను. కాలు చాచి, ఆ ఎండలో పెట్టుకుంది.

కాసేపటికి లేచి, గోడ పట్టుకుని నడిచి, ఒక ఫ్రేము దగ్గర ఆగింది. కంపెనీవాళ్ళవే అవి కూడా, జ్ఞాపకాల ఫ్రేములంటారు. మన ఫోటోలు వాళ్ళ దగ్గర దాచిపెడతారు, గోడ మీద రోజుకొకటి చూపిస్తారు. ఆమె కొంగుతో ఆ అద్దాన్ని మూలలు కూడా వదలకుండా తుడిచింది.

"మా అబ్బాయి. ఇమ్మానుయేలు," అంది. "గట్టు తెగిన ఏడు పోయాడు. రోజూ పొద్దున దాన్ని అడిగేదాన్ని, ఇయ్యాల ఎట్టున్నాడని. నువ్వు చెప్పమ్మా. ఎట్టున్నాడు?"

నేను లేచి దగ్గరికి వెళ్ళాను.

ఫ్రేములో ఎవరూ లేరు. బూడిదరంగు అద్దం మీద కంపెనీ గుర్తు, దాని కింద సన్నటి అక్షరాలు. ఈ చిత్రం ఇక అందుబాటులో లేదు.

ఆమె ముఖం నావైపు తిప్పి ఎదురుచూస్తోంది. నవ్వుతున్నాడని చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఒక్క మాట. ఆమె సంతోషంగా మంచం మీదికి వెళ్ళి కూర్చుంటుంది. నాకూ నిద్ర పడుతుంది. గోడ గొంతులో ఉన్న కరుణ నా గొంతులోకి కూడా వచ్చేస్తోంది. నా భర్తకు నేను చనిపోతానని చెప్పింది కూడా ఇలాంటి కరుణతోనే.

"అమ్మా," అన్నాను. "ఫ్రేములో ఫోటో లేదు."

"లోపలనుంచి జారి ఎక్కడైనా పడిందా?"

"లేదమ్మా. అద్దం అట్టాగే ఉంది. లోపల ఫోటో తీసేశారు. వాళ్ళ పేరు మాత్రం ఉంది."

ఆమె చెయ్యి అద్దం మీదే ఉండిపోయింది.

"ఎప్పట్నించి?"

"నాకు తెలీదమ్మా."

బయట ఎవరో నీళ్ళ బండి తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు వీధి చివరికి పోయింది. నేను చెప్పకుండా ఉండాల్సిందని నాకు అనిపించడం మొదలైంది. ఆమె పడిపోతుందేమోనని మోచెయ్యి పట్టుకున్నాను.

"రోజూ నీలం చొక్కా అని చెప్పేది," అంది చివరికి. "నీలం చొక్కా ఏసుకుని నవ్వుతున్నాడు అనేది. ఇమ్మానుయేలుకి నీలం చొక్కా ఎప్పుడూ లేదమ్మా. నేనే మర్చిపోయాననుకున్నా. ముసల్దాన్ని, కన్నకొడుకు బట్టలు కూడా మర్చిపోతున్నానని ఎంత ఏడ్చానో."

చెయ్యి అద్దం మీదనుంచి తీసేసింది. ఆ చేత్తోనే తడుముతూ నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది, తను పక్కన కూర్చుంది.

"నువ్వు వాణ్ణి చూడలేదు కదా?"

"లేదమ్మా."

"అయితే నేను చెప్తా, విను. మనిషి పొడుగేం కాదు. వాళ్ళ నాన్నలా చామనఛాయ. చెవులు పెద్దవి, చిన్నప్పుడు అందరూ ఏడిపించేవాళ్ళు. కుడి కనుబొమ్మలో గాటు ఉంటది, తాటిమట్ట తగిలి. నవ్వితే పైపళ్ళు కనపడవు, కిందవి కనపడతాయి. చొక్కాలన్నీ తెల్లవే కొనేవాడు. దుమ్ములో పనిచేసేవాడికి తెల్లచొక్కాలేంట్రా అంటే వినేవాడు కాదు. ఉతకలేక చచ్చేదాన్ని."

ఆమె చెబుతూనే ఉంది. ఎండ మంచం కోడు దాటి నేల మీదికి జరిగింది. నేను ఎదుటి ఖాళీ గోడనే చూస్తూ విన్నాను. మధ్యలో ఒకసారి ఆగి గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఎట్టుంటాడు?"

నేను మొదలుపెట్టాను. పొడుగేం కాదన్నాను. చామనఛాయ అన్నాను. ఎడమ కనుబొమ్మలో గాటు అన్నాను.

"కుడి," అంది కరుణమ్మ. "కుడి కనుబొమ్మ. సరిగ్గా చూసి చెప్పు."

నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను.